తెంపి అతికే యంత్రం

సిరిసిల్లలో సాంచా (మరమగ్గం)పై పోగు తెగితే కార్మికుడు దాన్ని ఆపి, రెండు కొసలూ ముడివేస్తాడు. మన కణంలోని ఒక యంత్రం మాత్రం పోగును తానే తెంపి, అక్కర్లేని ముక్క పారేసి, మిగిలిన కొసలను అతుకుతుంది. ఆ పోగు ఆర్‌ఎన్‌ఏ, ఆ యంత్రం స్ప్లైసియోసోమ్. ఐదు చిన్న ఆర్‌ఎన్‌ఏలు, వందకు పైగా ప్రోటీన్లు కోతకు కూడుకుని, పని కాగానే విడిపోతాయి.

ఈ యంత్రం చాలా పాతది. కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థులు చదివే గేదె కణంలో ఉన్నది ఇదే, జగిత్యాల దగ్గర పొలాస పరిశోధన కేంద్రం మళ్లలోని వరిలో ఉన్నదీ ఇదే. వరిలో వ్యాక్సీ అనే జన్యువుకు తొలి కోత చోట ఒక్క 'జి' అక్షరం 'టి' అయితే చాలు, గింజలో అమైలోజ్ తగ్గి అన్నం మెత్తగా అంటుకుంటుంది.

కోత సంగతి 1977లో బయటపడింది. అడినోవైరస్‌పై పనిచేస్తున్న ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. 1993లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కోత చోటు మారిస్తే ఒకే జన్యువు నుంచి వేర్వేరు ప్రోటీన్లు వస్తాయి.

హైదరాబాద్ సీసీఎంబీలో వీణా పర్నైక్ బృందం 1999లో ఒక విషయం చూసింది: కేంద్రకంలో లామిన్ ప్రోటీన్ చుక్కలు, కోత ప్రోటీన్లు ఒకే చోట ఉన్నాయి. ఆ అమరికను నిలిపేది లామినేనని 2002లో చెప్పింది. మరుసటి ఏడే లామిన్-ఎ జన్యువు ప్రొజీరియాలో దోషిగా తేలింది. పసివాళ్లకే జుట్టు రాలి, రక్తనాళాలు గట్టిపడి, చాలామందిని పదిహేనేళ్లలోపే గుండెజబ్బు బలిగొనే వ్యాధి అది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ జన్యువులో 1824వ అక్షరం 'సి' కాస్తా 'టి' అవుతుంది. అయినా అమైనో ఆమ్లం మారదు, గ్లైసిన్ గ్లైసిన్‌గానే ఉంటుంది. జన్యువును చదివి ఊరుకుంటే తప్పే దొరకదు. యంత్రానికి మాత్రం అక్కడ కొత్త కోత గుర్తు కనిపిస్తుంది. 150 అక్షరాలు అదనంగా తెగిపోతాయి, 50 అమైనో ఆమ్లాలు లేని ప్రొజీరిన్ పుడుతుంది.

ఆ మార్పు లేని ఆరోగ్యవంతుల కణాల్లోనూ అదే తప్పు కోత కొద్దిగా పడుతోందని 2006లో పావోలా స్కాఫిడి, టామ్ మిస్టెలీ చూపారు. ఆ తప్పు కోతను అడ్డుకుంటే వృద్ధుల కణాల కేంద్రకాల్లోని లోపాలు సర్దుకున్నాయి. ముసలితనమంతటికీ ఇదే కారణమని అనలేం, కానీ అందులో ఒక పోగు చేతికి చిక్కినట్టే.

2020లో ప్రొజీరియాకు అమెరికా అనుమతించిన లోనఫార్నిబ్ అనే మందు కోతను సరిదిద్దదు, ప్రొజీరిన్‌కు కొవ్వు తోక అతుక్కోకుండా చూస్తుంది. 2021లో పరిశోధకులు ప్రొజీరియా ఎలుకల్లో ఆర్‌ఎన్‌ఏకే అతుక్కుని ఆ తప్పు కోతను అడ్డుకునే చిన్న ముక్కను ఎక్కించారు. వాటి ఆయుష్షు 60 శాతానికి పైగా పెరిగింది.