గాలి మోసే బండి

పాత లగ్జరీ ఎస్‌యూవీ కొనడానికి వెళ్ళినవాళ్ళు మొదట అడిగేది "ఎంత తిరిగింది?" అనే. లక్షా ఇరవై వేల కిలోమీటర్లంటే మొహం చిట్లిస్తారు. అరవై వేలంటే అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధమైపోతారు. మీటరు వెనక్కి తిప్పే ఘనుల సంగతి అలా ఉంచండి. మీటరు నిజమే చెప్పినా, చక్రాలు ఎంత దొర్లాయన్నదే చెబుతుంది. ఈ తరగతి బండ్లలో అందరికంటే ముందు ముసలిదయ్యే భాగం ఒకటుంది. దాని వయసు కిలోమీటర్లతో కంటే క్యాలెండరుతోనే ఎక్కువ తెలుస్తుంది. రేంజ్ రోవర్, మెర్సిడెస్ జీఎల్ఎస్, ఆడి క్యూ7, పోర్షె కయెన్ లాంటి బండ్లలో చాలావాటిని మోస్తున్నది ఉక్కు స్ప్రింగు కాదు, రబ్బరు తొడుగులో బిగించిన గాలి. ఎయిర్ సస్పెన్షన్ అని బ్రోచర్లలో గొప్పగా వేసేది దాన్నే. మెకానిక్కులు ఆ తొడుగును బెలో అంటారు.

గాలి మీద బండిని కూర్చోబెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1888లో డన్‌లప్ దాన్ని మళ్ళీ కనిపెట్టాక లోకం టైరు ఎక్కింది. టైరులో పనికొచ్చిన గాలి స్ప్రింగుగా మాత్రం ఎందుకు పనికిరాదు? అమెరికాలో విలియం హంఫ్రీస్ అనే ఆయన 1901లో సరిగ్గా దీనికే పేటెంటు పొందాడు. బండి పొడవునా అటొకటి ఇటొకటి పొడవాటి గాలి దిండ్లు పెట్టడం ఆయన పథకం. ఫ్రాన్స్‌లో జార్జ్ మెస్సియే 1920లలో ఏకంగా స్ప్రింగుల్లేని కార్లే తయారుచేసి అమ్మాడు. ఆ కార్లు నిలవలేదు గానీ, ఆయన కంపెనీ విమానాల ల్యాండింగ్ గేర్లవైపు మళ్ళి ఆ రంగంలో పెద్ద పేరైంది. కారు కింద ఇమడని నైపుణ్యం విమానం కింద ఇమిడిందన్నమాట.

గాలి స్ప్రింగు నిజంగా కుదురుకున్నది బస్సుల్లో. 1953లో జనరల్ మోటార్స్ తన సిటీ బస్సులకు దాన్ని పెట్టింది. మరుసటి ఏడు అమెరికా హైవేలపైకి వచ్చిన గ్రేహౌండ్ వారి సీనిక్రూజర్ కూడా గాలి మీదే నడిచింది. కార్లకంటే బస్సులకు ముందు ఎందుకు అబ్బిందో తెలియాలంటే స్ప్రింగు లెక్క కొంచెం చూడాలి.

ఉక్కు స్ప్రింగుకు ఒకటే గట్టిదనం. కిక్కిరిసిన బస్సును మోయగలిగేంత గట్టిగా చేస్తే, ఖాళీగా వెళ్ళేటప్పుడు ప్రతి గతుకూ వెన్నులో దిగుతుంది. ఖాళీ బస్సుకు సరిపోయేలా మెత్తగా చేస్తే, జనం ఎక్కగానే బస్సు చతికిలబడుతుంది. బండి శరీరం సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు నెమ్మదిగా ఊగితే మనకు హాయిగా ఉంటుంది. అంతకంటే వేగంగా ఊగితే కుదుపు, మరీ నెమ్మదిస్తే కడుపులో తిప్పుతుంది. గాలి స్ప్రింగుకు ఈ ఇరకాటం లేదు. బరువు పెరిగితే కంప్రెసర్ ఇంకాస్త గాలి నింపుతుంది. పీడనం పెరుగుతుంది, దాంతోపాటు గట్టిదనమూ పెరుగుతుంది. బరువు, గట్టిదనం కలిసే పెరుగుతాయి గనుక ఊగే లయ దాదాపు మారదు. బస్సు ఎత్తూ మారదు. ఖాళీ బస్సైనా కిక్కిరిసిన బస్సైనా ప్రయాణం ఒకేలా ఉంటుంది. 2001లో వోల్వో బి7ఆర్ బస్సులు మన దేశంలోకి వచ్చి, తర్వాత ఆర్టీసీ గరుడలయ్యాక, హైదరాబాద్–విజయవాడ రాత్రి ప్రయాణంలో తెలుగువాళ్ళు చాలామందికి తొలిసారి పరిచయమైంది ఈ సుఖమే. కమాన్ కట్టల ఎక్స్‌ప్రెస్‌లో అదే రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకు వేరే రుజువు అక్కర్లేదు.

బస్సులో హిట్టయినదాన్ని కారులో పెట్టి డెట్రాయిట్ చేతులు కాల్చుకుంది. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అనే కారు వచ్చింది. ధర 13,074 డాలర్లు, ఆ రోజుల్లో కళ్ళు తిరిగే మొత్తం. నాలుగు మూలలా గాలి స్ప్రింగులు. రెండేళ్ళలో తయారైనవి 704. గాలి కారేది, తెల్లారేసరికి కారు నేలకు ఒరిగేది. విసిగిన యజమానులు చాలామంది గాలి స్ప్రింగులు పీకించి మామూలు ఉక్కు స్ప్రింగులు వేయించుకున్నారు. బస్సుకు డిపో ఉంది, రోజూ చూసే మెకానిక్కు ఉన్నాడు. శ్రీమంతుల కారుకు గ్యారేజీ ఉందిగానీ రాత్రి దాని కింద దూరి చూసేవాడు లేడు.

యూరప్ మాత్రం వదల్లేదు. సిట్రోయెన్ 1955లో గాలికి బదులు నైట్రోజన్, నూనె కలిపిన తన సొంత దారి పట్టింది. మెర్సిడెస్ 1961లో 300 ఎస్ఈలో, 1963లో 600లో అసలైన గాలి స్ప్రింగులు వాడింది. 1984లో లింకన్ మార్క్ సెవెన్‌తో ఎలక్ట్రానిక్ సెన్సర్లు, కంప్యూటరు వచ్చి చేరాయి. 1992లో రేంజ్ రోవర్ దాన్ని అందుకుంది. ఎస్‌యూవీకి ఇది చాలా బాగా అతికింది. హైవే మీద వంగి గాలిని చీలుస్తుంది, రాళ్ళ దారిలో లేచి నిలబడుతుంది, దిగేటప్పుడు కిందికి వంగుతుంది. 1998లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ తర్వాత ఖరీదైన కార్లన్నిటికీ ఇది మర్యాదగా మారింది. అయితే కంప్యూటరు ఎంత ఎదిగినా, లోపల గాలిని పట్టి ఉంచేది 1957లోనూ రబ్బరే, ఇప్పుడూ రబ్బరే.

ఆ రబ్బరు మీద ఎంత భారమో చూడండి. 2,400 కిలోల బండి అనుకుంటే ఒక్కో మూలకు సుమారు 600 కిలోలు. బెలో వ్యాసం 12 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం 113 చదరపు సెంటీమీటర్లు. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఐదు కిలోలకు పైగానే. టైరులో గాలికి ఇది రెండింతలు. దీన్ని ఆపుతున్న తొడుగు మందం కొద్ది మిల్లీమీటర్లే, లోపల నైలాన్ లాంటి దారాల అల్లిక. పైగా అది కదలకుండా ఉండదు. చొక్కా చేయి మడిచినట్టు కింది అంచు లోపలికి మడిచి ఉంటుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ మడత పిస్టన్ మీద పైకీ కిందికీ దొర్లుతుంది. బండి ఎక్కువ కాలం ఒకే ఎత్తులో తిరుగుతుంది గనుక దొర్లుడంతా దాదాపు అదే జానెడు చోట. మట్టి, ఇసుక రేణువులు చేరేదీ ఆ మడతలోకే. దీనికి తోడు గాలిలోని ఓజోన్ సాగి ఉన్న రబ్బరు అణువుల బంధాలను తెంపుతుంది. ఇందుకు బండి తిరగక్కర్లేదు. షెడ్డులో నిలబడి ఉన్నా పగుళ్ళు వస్తూనే ఉంటాయి. అందుకే నా లెక్కలో, పన్నెండేళ్ళలో అరవై వేలే తిరిగిన "డాక్టరుగారి బండి" కంటే, లక్షన్నర తిరిగి రెండేళ్ళ కిందట కొత్త బెలోలు వేయించుకున్న బండి మేలు.

చిల్లు చిన్నదే అయినా అక్కడితో ఆగదు. గాలి కారిపోయిన కొద్దీ కంప్రెసర్ మళ్ళీ మళ్ళీ నింపాలి. అది కాసేపు పనిచేసి చల్లబడడానికి ఆగేలా చేసిన చిన్న యంత్రం. విశ్రాంతి లేకపోతే వేడెక్కి దాని పిస్టన్ రింగు అరుగుతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కంప్రెసర్ పక్కన తేమను పీల్చే గుళికల డబ్బా ఒకటి ఉంటుంది. బండి కిందికి దిగినప్పుడు లోపలి పొడి గాలి ఆ గుళికల గుండానే బయటికి పోతూ వాటిని ఆరబెడుతుంది. బెలోకు చిల్లు పడితే గాలి అటునుంచే పోతుంది, డబ్బా దారికి రాదు. గుళికలు తడిసే ఉంటాయి, తేమ వాల్వుల్లోకి చేరుతుంది. కాబట్టి "మొన్ననే కొత్త కంప్రెసర్ వేశాం సార్" అని అమ్మేవాడు చెబితే సంతోషించకండి. పాతది ఎందుకు పోయిందని అడగండి. బెలో మార్చకుండా కంప్రెసర్ ఒక్కటే మార్చి ఉంటే, ఈ కొత్తదీ అదే దారిన పోతుంది. కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చును రిలే అంటారు, పాతది అతుక్కుపోయి కంప్రెసర్‌ను ఆపకుండా తిప్పి కాల్చేసిన సందర్భాలూ ఉన్నాయి. రిలే ఖరీదు తక్కువ, దాన్నీ మార్చారో లేదో బిల్లులో చూడాలి.

చూసే పద్ధతి. బండిని పొద్దున్నే చూడాలి, అదీ రాత్రంతా నిలబడి ఉన్నది. మీరు వెళ్ళేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, వాళ్ళు ముందే స్టార్టు చేసి గాలి నింపేశారని అనుమానించొచ్చు, ఇంకో రోజు వస్తామని చెప్పండి. టేపు తీసుకుని నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు కొలవండి. ఇక్కడ కొంచెం ఓపిక కావాలి, ఎందుకంటే తెల్లవారేసరికి బండి కొద్దిగా దిగడం తప్పేమీ కాదు. పగలు 38 డిగ్రీల్లో ఆపిన బండి తెల్లవారుజామున 20 డిగ్రీలకు చల్లబడిందనుకుందాం. మోసే బరువు మారలేదు కాబట్టి పీడనం అంతే, గాలి ఘనపరిమాణం మాత్రం సుమారు 6 శాతం తగ్గుతుంది. బెలోలో రెండున్నర లీటర్లుంటే 150 మిల్లీలీటర్లు. దాన్ని 113తో భాగిస్తే 1.3 సెంటీమీటర్లు. ఆ మాత్రం నాలుగు మూలలా సమానంగా దిగితే అది భౌతికశాస్త్రం, జబ్బు కాదు. ఒక్క మూల నాలుగైదు సెంటీమీటర్లు కుంగితే చిల్లు ఉన్నట్టే.

నాలుగూ సమానంగా బాగా కుంగినా సరే, నమ్మకండి. రేంజ్ రోవర్లలో కొన్ని తరాలు ఆపి ఉన్నప్పుడు కూడా కొన్ని గంటలకోసారి మేలుకుని, ఏ మూల ఎక్కువ దిగిందో మిగతా మూడింటినీ దాని మట్టానికి దించుతాయి. ఒక్క చిల్లు నాలుగు మూలలకూ పరుచుకుని పెద్దమనిషిలా కనిపిస్తుంది. అనుభవమున్న మెకానిక్కు ఆ రాత్రికి సస్పెన్షన్ ఫ్యూజు తీసేయమంటాడు, అప్పుడు దోషి మూల ఒక్కటే కుంగుతుంది.

తర్వాత స్టార్టు చేసి కింది మట్టం నుంచి పై మట్టానికి లేపమనండి. కంప్రెసర్ ఆయాసపడుతూ చాలాసేపు మోగినా, మధ్యలో ఆగిపోయినా దాని రోజులు దగ్గరపడ్డాయి. పూర్తిగా లేచాక బెలో మడత బయటపడుతుంది. అక్కడ సబ్బు నీళ్ళు చల్లి బుడగలు వస్తాయేమో చూడాలి. ఈ పని ర్యాంపు మీద గానీ గట్టి స్టాండ్ల మీద గానీ నిలిపే చేయాలి. గాలి మీద ఉన్న బండి కింద తల దూర్చడం ప్రాణాంతకం. ఒక వాల్వు తెరుచుకుంటే రెండు టన్నులకు పైగా దిగిపోతుంది. టైర్ల లోపలి అంచులు అరిగి ఉంటే బండి చాన్నాళ్ళు కుంగి తిరిగిందని అర్థం.

స్కానరు పెట్టించడం మరవొద్దు. ఎర్రర్ కోడ్‌లు ఏవీ లేకపోవడం ఒక్కటే మంచి గుర్తు కాదు. ఇంజిను తన పొగ వ్యవస్థను తనే పరీక్షించుకున్నట్టు నమోదు చేసుకునే గుర్తులుంటాయి, స్కానర్లో వాటిని రెడీనెస్ అంటారు. అవి చాలావరకు "పూర్తి కాలేదు" అని చూపిస్తే నిన్నో మొన్నో ఎవరో కోడ్‌లు తుడిచేశారని అనుమానించాలి.

మిగతావి క్లుప్తంగా. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె "జీవితాంతం ఉంటుంది" అన్న మాటను పట్టించుకోకండి. ఈ బండ్లలో కొన్నిటికి గేరుబాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ప్లాస్టిక్ కూలెంట్ పైపులు పెళుసెక్కాయేమో, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే టైమింగ్ చైను గలగలమంటోందేమో చూడాలి. వరద బండ్లు వేరే కథ. 2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. సీటు రైళ్ళ తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు వాసన, సీట్‌బెల్టును పూర్తిగా లాగితే కనిపించే బురద గీత వీటిని పట్టిస్తాయి. చాలా మోడళ్ళలో గాలి కంప్రెసర్ ఉండేది బండి అడుగునో స్టెప్నీ గుంటలోనో కాబట్టి మొదట నీళ్ళు తాగేదీ అదే. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు వచ్చాక అక్కడి ఎస్‌యూవీలు ఎన్ఓసీతో దక్షిణాదికి చవగ్గా దిగుతున్నాయి. ధర చూసి మురిసేముందు ఇక్కడ కట్టాల్సిన పన్నునూ, పదేళ్ళ రబ్బరునూ కూడా లెక్కలో వేసుకోవాలి.

కొన్ని బండ్లు అసలు కుంగవు, పైకీ లేవవు. బటన్ నొక్కితే ఏమీ కాదు. అంటే ఎవరో 1957 నాటి క్యాడిలాక్ యజమానుల పనే చేశారు, గాలి తీసేసి ఉక్కు స్ప్రింగులు వేశారు. దీన్ని మోసమని చాలామంది కొట్టిపారేస్తారు, నేనైతే అలా అనను. బరువుకు తగిన స్ప్రింగులు, వాటికి జతపడే షాక్ అబ్జార్బర్లు వేసి, హెడ్‌లైట్ల మట్టం సరిచేసి, హెచ్చరిక దీపాన్ని పీకేయకుండా కంప్యూటరుకే సంగతి చెప్పి ఉంటే అది నిజాయితీ గల మరమ్మతు. పాడు రోడ్ల మీద పదేళ్ళ బండికి అదే తెలివైన పని కూడా కావచ్చు. అయితే ధర మాత్రం స్ప్రింగుల బండి ధరే ఇవ్వాలి.

గాలితోనే ఉన్న బండి నచ్చి, ఒక మూల చిల్లు కనబడితే "చిన్న లీకేజీ సార్, ఐదు వేలు" అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. బెలోలు జతగా మార్చాలి. ఒక పక్క పోయిందంటే అదే వయసున్న రెండో పక్కదీ దారిలో ఉంది. కంప్రెసర్, రిలే, తేమ గుళికల డబ్బా కలిపి కొటేషన్ తీసుకోండి. నాలుగు మూలలకూ కంపెనీ సామానైతే అంకె లక్షల్లోకి పోతుంది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని అప్పుడు బేరానికి కూర్చోండి.