సూరత్ ఆదివాసీ విద్యార్థులు: రుసుము తీరినా తీరని భాషా దూరం

సూరత్: వజ్రాలు, వస్త్రాలకు పేరొందిన సూరత్ నగరానికి తూర్పున ఉన్న మాండవీ, ఉమర్‌పాడా తాలూకాలు, 2007లో వేరుపడిన తాపీ జిల్లా ప్రధానంగా ఆదివాసీ ప్రాంతాలు. అక్కడి గామీత్, చౌధరీ, వసావా యువతకు ఉన్నత విద్య అంటే ఎక్కువగా, 1965లో సూరత్‌లో ఏర్పడి నేడు వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థకు అనుబంధమైన కళాశాలలే.

ప్రభుత్వ తోడ్పాటులో ముఖ్యమైనది పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు మించని ఎస్టీ విద్యార్థులు ఇందుకు అర్హులు. వ్యయంలో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం భరిస్తాయి.

ఈ లెక్కల్లో కనిపించని భారం భాష. ఇంట్లో గామీత్ లేదా వసావీ, బడిలో గుజరాతీ, కళాశాలలో విజ్ఞాన శాస్త్రాలకు తరచూ ఆంగ్లం. గుజరాతీయే వీరి మాతృభాష అనుకునే అధ్యాపకునికి విద్యార్థి తడబాటు తెలివితక్కువతనంగా తోచే ప్రమాదముంది. 2011 జనగణన ఈ భాషలను భీలీ కింద లెక్కించింది. భీలీ మాట్లాడేవారు కోటికి పైగా ఉన్నా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు. పాతిక వేల మంది కూడా మాతృభాషగా నమోదు చేసుకోని సంస్కృతానికి ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో సవర, కోయ, గోండి సహా 8 భాషల్లో బోధన ప్రారంభించింది. అదీ ప్రాథమిక తరగతులకే పరిమితం.

కళాశాలలో ఇందుకు భారీ వ్యయం అక్కరలేదు. తొలి సెమిస్టర్‌లో పారిభాషిక పదాలను ఇంటి భాషలో విడమరచి చెప్పగల సీనియర్ విద్యార్థి, అతనికి కొద్దిపాటి గౌరవ వేతనం ఉంటే చాలు.