రిజిస్టరులోనే ఉంది పరిశోధన

1835లో జేమ్స్ పేజెట్ లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో కుర్ర వైద్య విద్యార్థి. డిసెక్షన్ హాల్లో ఒక శవం కండల నిండా గరుకు చుక్కలు కనిపించాయి. కత్తులు మొండిబారుతున్నాయని తప్ప వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పేజెట్‌కి మాత్రం అవేమిటో చూడాలనిపించింది. ఆస్పత్రిలో మైక్రోస్కోపు లేదు. బ్రిటిష్ మ్యూజియంలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ దగ్గర ఉందని తెలిసి వెళ్లి, అందులో పెట్టి చూశాడు. ఒక్కో చుక్కలో చుట్టచుట్టుకుని ఒక పురుగు! సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే సోకే ట్రైకినెల్లా అది. దానికి పేరు పెట్టిన ఘనత మాత్రం శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్‌కి దక్కింది.

పేజెట్ తన కళ్లముందున్నదాన్నే పరిశోధించాడు. అంటువ్యాధుల మీద పరిశోధన అనగానే మన విద్యార్థులు మాత్రం విదేశీ ల్యాబులు, ఖరీదైన యంత్రాలు ఊహించుకుంటారు. తమ కాలేజీ ఆస్పత్రిలోని మైక్రోబయాలజీ రిజిస్టరు అంతకన్నా మంచి ఆరంభమని నా అభిప్రాయం.

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న రోగి నమూనా ల్యాబుకి వస్తుంది. అందులోని బాక్టీరియాను పెంచి, అగార్ పళ్లెం మీద పూసి, యాంటీబయాటిక్ బిళ్లలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. దాని వ్యాసం కొలిచి, బాక్టీరియా మందుకి లొంగిందో లేదో రిజిస్టరులో రాస్తారు. ఏడాది పొడవునా రాసిన ఆ ఫలితాలను కూడితే, ఆ ఊళ్లో ఏ మందు పనిచేయకుండా పోతోందో తెలుస్తుంది. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకే రోగి నుంచి ఒకే బాక్టీరియా పదేపదే వచ్చినా ఒక్కసారే లెక్కించాలి. ఒక జాతివి 30 నమూనాలైనా లేకపోతే శాతాలు చెప్పకూడదు. వాడిన మందు పనిచేయక మళ్లీ వచ్చేవాళ్లే ఎక్కువగా నమూనాలు ఇస్తారు కాబట్టి, లెక్క అసలుకన్నా భయంకరంగా కనిపించే ప్రమాదమూ ఉంది.

ఇలాంటి చిన్న ప్రశ్నకు సరిపోయేదే ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. 1979 నుంచి నడుస్తున్న ఈ పథకంలో ఎంబీబీఎస్ విద్యార్థి ఒక గైడు దగ్గర రెండు నెలలు పనిచేసి నివేదిక ఇవ్వాలి. సైన్సు విద్యార్థులకైతే మూడు జాతీయ సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పులున్నాయి. దోమల మీద ఆసక్తి ఉంటే పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీలో ఎమ్మెస్సీ చేయవచ్చు.

ఉత్సాహానికి హద్దుండాలి. పెరూలో డేనియల్ కారియోన్ అనే వైద్య విద్యార్థి 1885లో వెరుగా అనే జబ్బులో వచ్చే పులిపిరి రసాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. ఒరోయా అనే జ్వరమూ వెరుగా ఒకే జబ్బని తేలింది గానీ, అక్టోబర్ 5న అతను చనిపోయాడు.

ఇప్పుడు పాత రిజిస్టరు తిరగేయాలన్నా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ అనుమతికి సమయం పడుతుంది కాబట్టి, గైడు ఒప్పుకున్న వారంలోనే కమిటీకి దరఖాస్తు పెట్టండి.