పిల్లల్లో గుండె దడ: తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

"పరుగెత్తి వచ్చాడు, అందుకే దడ", "పరీక్షలంటే భయం" అని పెద్దలు అనడం మేము తరచు వింటాము. చాలాసార్లు అది నిజమే. కాని కొందరు పిల్లలకు ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె ఒక్కసారిగా వేగం అందుకొని, కొంతసేపటికి అంతే అకస్మాత్తుగా మామూలవుతుంది. దీనిని ఎస్.వి.టి. అంటారు. వైద్యం అవసరమయ్యే లయ దోషాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చేది ఇదే.

ఎందుకు వస్తుంది?

గుండె పై గదుల నుండి కింది గదులకు విద్యుత్తు వెళ్ళే దారి సాధారణంగా ఒక్కటే. కొందరికి పుట్టుకతోనే మరో దారి ఉంటుంది. విద్యుత్తు ఒక దారిన వెళ్ళి, మరో దారిన వెనక్కి వచ్చి, గుండ్రంగా తిరుగుతుంది. అప్పుడు చంటిబిడ్డల గుండె నిమిషానికి 220సార్లు, పెద్ద పిల్లల గుండె 180సార్లు దాటి కొట్టుకుంటుంది. చంటిబిడ్డ తన బాధ చెప్పలేడు. పాలు తాగకపోవడం, చెమటలు, పాలిపోవడం, ఆయాసం, ఇవే గుర్తులు.

నేటి చికిత్స

దడ వచ్చినప్పుడు ఆసుపత్రిలో అడినోసిన్ ఇంజెక్షన్‌తో సాధారణంగా క్షణాల్లో ఆపగలరు. చంటిబిడ్డలకు మందులు వాడుతుండగానే చాలామందికి ఏడాది నిండేసరికి తగ్గిపోతుంది. పెద్ద పిల్లలకు ఒకప్పుడు ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయవలసి వచ్చేది. 1990ల నుండి తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగ పంపి, ఆ అదనపు దారిని వేడితో మూసివేస్తున్నారు. దీని పేరు అబ్లేషన్. నూటికి 90మందికి పైగా సఫలమవుతుంది. అసలు దారికి మరీ దగ్గరగా ఉంటే చల్లదనంతో చేస్తారు. ముందు కొద్దిగా చల్లబరచి చూస్తారు; అసలు దారికి ఇబ్బంది కనిపిస్తే వెంటనే ఆపుతారు, అది సాధారణంగా తిరిగి కోలుకుంటుంది.

స్పృహ తప్పితే

ఆటలో, ఈతలో, పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి పడిపోయిన బిడ్డకు మూర్ఛ అని సరిపెట్టుకోకండి. లాంగ్ క్యూ.టి. అనే ప్రమాదకరమైన లయ దోషం కావచ్చు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి. పుట్టుచెవుడు ఉన్న బిడ్డ ఇలా పడిపోతే మరింత జాగ్రత్త. మేనరికపు కుటుంబాల్లో ఈ రెండూ కలిసి వచ్చే అవకాశం ఎక్కువ.

మా మనవి

దడ తగ్గాక చూద్దాంలే అనుకోకండి. తగ్గాక తీసిన ఇ.సి.జి. మామూలుగా ఉండవచ్చు. దడ ఉండగానే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళి ఇ.సి.జి. తీయించండి. ఆ కాగితం భద్రపరచి, పెద్దాసుపత్రికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి. మీ బిడ్డకు సరైన వైద్యం తరచు ఆ కాగితంతోనే మొదలవుతుంది.