మన దానము ఎందాక పోవుచున్నది?

మన యిండ్లలో దానము మొదటినుండియు వంటయింటి ధర్మము. ఎసరు పెట్టునపుడు పిడికెడు బియ్యము తీసి వేఱొక కుండలో వేయు ఆచారము మన అమ్మమ్మల నాట పెక్కిండ్లలో నుండెను. ఆ కుండ నిండిన దినమున ఆ బియ్యము ఏ దేవాలయమునకో, ఏ బీదవిద్యార్థికో చేరెడిది. వారాలు చేసికొని చదువుకొను పిల్లవానికి విస్తరి వేసినదియు, ఎండలో వచ్చిన బాటసారికి మజ్జిగ యిచ్చినదియు ఇల్లాలే. ఇనుప పెట్టె తాళము ఆమె చేత లేకపోయినను, బియ్యపు డబ్బా మూత ఆమె చేతనే యుండెను గదా!

ఈ ధర్మమునకు మన ఆంధ్రదేశమున శిఖరమువంటి వారు డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో స్వర్గస్థురాలైన ఈ తల్లి కోనసీమలోని లంకల గన్నవరమున కాపురముండి, గోదావరి పాయలు దాటి వచ్చిన బాటసారులకు వేళ యనక అన్నము పెట్టిరి. కులమేదని అడుగలేదు. ఆమె పేరు నేటికిని గోదావరి జిల్లాలలో నిత్యస్మరణీయము.

ఆకలిగొన్నవానికి ముందు అన్నము పెట్టవలసినదే. అందు సందేహము లేదు. అయినను నేడు సీతమ్మగారి వారసులమైన మనము ఇంకొక ప్రశ్న వేసికొనవలసియున్నది. నేడు మన గుమ్మమునకు వచ్చినవాడు రేపును, మరునాడును, వాని బిడ్డ ఇరువదియేండ్ల తరువాతను ఇదే గుమ్మమున నిలువవలెనా? అట్లు నిలువ నవసరము లేకుండ చేయు దానము ఎట్టిది? అట్టి దానములు మూడింటిని గూర్చి యిచట ముచ్చటింతుము.

నోరులేని జీవులు

గడపలో పిల్లికి పాలు, పెరటిలో కాకికి మెతుకులు, ఆవునకు గ్రాసము పెట్టుట మనకు క్రొత్త గాదు. కాని జంతువుల బాధను చట్టమువఱకు తీసికొనిపోయినది ఒక స్త్రీ యని మనలో ఎందఱికి తెలియును? కళాక్షేత్ర స్థాపకురాలైన రుక్మిణీదేవి అరండేల్ గారు 1952లో రాజ్యసభ సభ్యురాలై, జంతుహింస నివారణకై తామే యొక బిల్లును ప్రవేశపెట్టిరి. ప్రభుత్వమే అట్టి చట్టము తెచ్చునని నెహ్రూగారు మాట యిచ్చినమీదట దానిని ఉపసంహరించుకొనిరి. 1960లో ఆ చట్టము వచ్చెను. దాని ననుసరించి 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు.

నేడు వీధికుక్కల విషయమున ఊరూర తగవులే. ఒకరు అన్నము పెట్టుదురు, ఒకరు రాయి విసరుదురు. పిల్లలను కుక్క కఱచునను తల్లుల భయము అబద్ధము గాదు. రాయి వలన కుక్కల సంఖ్య తగ్గదు. అన్నము మాత్రము పెట్టి ఊరకున్నను తగ్గదు. వానికి పిల్లలు కలుగకుండ ఆపరేషను చేయించి, పిచ్చికుక్క రోగము రాకుండ టీకా వేయించుటయే మేలైన మార్గము. 2001లోను, మరల 2023లోను వచ్చిన ప్రభుత్వ నిబంధనలు ఈ పనినే విధించినవి. మన ఊరిలో ఈ పని చేయు సంస్థ యున్నచో, మనము పెట్టు రొట్టెముక్కకంటె దానికిచ్చు నూఱు రూపాయలు ఆ కుక్కకును మన బిడ్డలకును గూడ మేలు చేయును. కుక్క కఱచినచో మాత్రము పసరులు, పసుపు పెట్టి కాలము గడుపక, గాయమును సబ్బుతో ధారగా పడు నీటిలో పావుగంటసేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించవలెను.

చదువు

ఆ నడుమ మేమొక పెండ్లికి పోయితిమి. ఆ యింటి గృహిణి అనాథబాలికల చదువునకు పెద్ద మొత్తము చందా యిచ్చినదని అందఱును మెచ్చుకొనుచుండిరి. ఆ మాటలు జరుగుచున్నంతసేపును ఆమె మనుమని చంకనెత్తుకొని, పది పదునొకండేండ్ల పిల్ల యొకతె గోడకానుకొని నిలిచియుండెను. “బడికి పోవుచున్నావా, తల్లీ?” అని అడిగితిమి. ఆ పిల్ల చిన్నగా నవ్వి, బాబును రెండవ చంకకు మార్చుకొనెను. అంతే. ఆ గృహిణిని నిందించుటకు మాకు నోరు రాలేదు. మా చిన్ననాట మా తమ్ముని ఆడించిన పిల్ల మొగము మాకిప్పటికిని జ్ఞాపకమున్నది. మేము పలకలు పట్టుకొని బడికి పోవుచుండగా ఆ పిల్ల వాకిట నిలిచి చూచుచుండెడిది. ఒక్కనాడైనను మాలో నెవ్వరము “నీవును రా” అని యనలేదు.

చదువునకు దూరమైన స్త్రీల బాధ యెఱిగిన వారు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదేండ్లకే వివాహితయై, ఆ బంధమునుండి వెలువడి, స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలకు పోయి, పిమ్మట చదువు సాగించి న్యాయవాదియైరి. చదువు నడుమ నాగిపోయిన ఆడపిల్లలను చేరదీసి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు తయారుచేయుటతో ఆంధ్ర మహిళా సభ మద్రాసులో ఆరంభమైనది. అది 1937వ సంవత్సరము. ఆ చిన్న తరగతియే పిదప ఆసుపత్రులుగా, పాఠశాలలుగా, కళాశాలలుగా విస్తరించెను.

మన కాలమున ఈ దారిని పల్లెలకు తీసికొనిపోయినవారు ఆచార్య శాంతా సిన్హా గారు. తమ తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర వెలసిన సంస్థ ద్వారా 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో వెట్టిలో నున్న పిల్లలను విడిపించి బడికి పంపిరి. పశువుల వెంట పోవు పిల్లవాడును, ఇంట తమ్ముని ఎత్తుకొను పిల్లయు, బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని వారి సిద్ధాంతము. పదేండ్లు దాటిన పిల్లను ఒకటవ తరగతిలో చిన్నపిల్లల నడుమ కూర్చుండబెట్టినచో సిగ్గుతో పాఱిపోవును. అందుచే కొన్ని నెలలు శిబిరములో నుంచి, అక్షరములు నేర్పి, వయసునకు తగిన తరగతిలో చేర్చుట వారి పద్ధతి. 2003లో వారికి రామన్ మెగసెసే పురస్కారము లభించెను.

పదునాలుగేండ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 అక్టోబరునుండి చట్టవిరుద్ధము. ఆఱునుండి పదునాలుగేండ్ల పిల్లలకు ఉచితవిద్య 2010 ఏప్రిల్ నుండి హక్కు. కనుక విద్యాదానము మన యింటినుండియే ఆరంభము కావలెను. మన యింట పనిచేయు అమ్మ కూతురు ఏ తరగతి చదువుచున్నదో మనకు తెలియునా? ఈ సాయంకాలమే అడుగుడు.

మానమర్యాదలు

హక్కులన్నచో ఏదో న్యాయస్థానముల మాట యని మనము తలతుము. కాని వాని సంగతి మన స్నానపుగది వెనుకనే యున్నది. మలమును చేతులతో ఎత్తించు పనిని 1993లో ఒక చట్టము, 2013లో మఱింత కఠినమైన చట్టము నిషేధించెను. ఈ దురాచారమును రూపుమాపుటకు పాటుపడుచున్న సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకులు బెజవాడ విల్సన్ గారు. కోలారు బంగారుగనుల ఊరిలో ఆ పని చేయు కుటుంబముననే పుట్టిన ఆయనకు 2016లో మెగసెసే పురస్కారము వచ్చెను. మురుగుగుంటలలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు ఇయ్యవలెనని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023లో దానిని ముప్పది లక్షలకు పెంచెను.

మన సెప్టిక్ ట్యాంకు నిండినపుడు యంత్రపుబండికి ఖర్చెక్కువయని, ఒక మనిషిని పిలిచి లోనికి దింపు ఇండ్లు నేటికిని కలవు. ఆ గుంటలోని విషవాయువు క్షణములలో ప్రాణము తీయును. వానిని రక్షింప దిగినవాడును మరణించును. యంత్రపుబండికి పెట్టు ఖర్చే యిచట దానము. ఆ పనివానికి వేఱే గ్లాసు పెట్టకుండుట రెండవ దానము. దీనికి చందాపుస్తకము అక్కఱలేదు.

ఇచ్చు విధము

మంచిమనసున్నచోట మోసగాండ్రును చేరుదురు. కనుక ఇచ్చుటకు ముందు కొన్ని ప్రశ్నలు అడుగుట పాపము గాదు. సంస్థ రిజిస్టరు అయినదా? రసీదు ఇచ్చునా? ఏటేట ఆడిటు చేసిన లెక్కలు చూపునా? పిల్లల ఏడుపు మొగములను ప్రకటనలలో చూపి డబ్బు కోరునా? అన్నిటికంటె పెద్ద ప్రశ్న యిది: వీరి సాయము పొందినవారు కొంతకాలమునకు తమ కాళ్లమీద నిలుచుచున్నారా? మంచి సంస్థ ఈ ప్రశ్నలకు నొచ్చుకొనదు. సంతోషముతో లెక్కల పుస్తకము తెఱచి చూపును.

ఒక్కసారి వేయి రూపాయలిచ్చి మఱచుటకంటె నెలకు నూఱు రూపాయలు తప్పక యిచ్చుట మేలు. నెలనెల వచ్చునది తెలిసియున్నచో వారు ఉపాధ్యాయినికి జీతము మాట యీయగలరు. ధనము లేనివారు కాలము నీయవచ్చును. వారమునకు రెండు సాయంకాలములు ఒక పిల్లకు ఎక్కములు, చదువుట నేర్పుట యే యిల్లాలికిని అసాధ్యము కాదు. చినిగిన చీరలు, కాలము దాటిన మందులు ఇచ్చుట మాత్రము దానము గాదు. అది ఇల్లు సర్దుకొనుట.

ఇపుడు మన యిండ్లలో ఆ పిడికెడు బియ్యపు కుండ లేదు. దానిని మరల పెట్టుకొందము. బియ్యమునకు మాఱుగా నాణెములు వేయుదము. మూత తెఱచిన దినమున అది ఎవరికి పోవలెనో ఇంటిల్లిపాదియు కూర్చుండి, పిల్లలను గూడ అడిగి నిర్ణయింతము. ఆ నాడు ఏ చంటిబిడ్డను ఎత్తుకొనియో మన గోడకానుకొని నిలిచిన పిల్ల యున్నచో, మొదట ఆ బిడ్డను మన చేతులలోనికి తీసికొందము. ఆ పిల్లను బడికి పంపుదము.