40,000 కోట్ల స్టార్ సిస్టమ్స్... ఎలైట్ డేంజరస్‌లో దూరం వెళ్లాలంటే ఏం తెలియాలి?

స్పేస్ గేమ్ అనగానే లేజర్లు, పేలుళ్లే గుర్తొస్తాయి. కానీ ఎలైట్ డేంజరస్‌లో వారాల తరబడి ఒక్క షాట్ కూడా పేల్చకుండా, ఇంకో ప్లేయర్ ఎదురుపడకుండా ఆడేవాళ్లు చాలామందే ఉన్నారు. వీళ్లను ఎక్స్‌ప్లోరర్లు అంటారు. ఇంతవరకు ఎవరూ చూడని స్టార్ సిస్టమ్‌కి వెళ్లాలి, స్కాన్ చేయాలి, ఆ డేటాతో క్షేమంగా తిరిగి రావాలి. ఈ మూడోదే అసలు కష్టం. ఎందుకో చెప్తా.

ముందు సైజు సంగతి. ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ 2014 డిసెంబర్‌లో ఈ గేమ్‌ని రిలీజ్ చేసింది. ఇందులో మన పాలపుంత మొత్తం అసలు సైజులోనే ఉంటుంది. దాదాపు 40,000 కోట్ల స్టార్ సిస్టమ్స్! భూమ్మీద ఉన్న 800 కోట్ల మంది తలా 50 సిస్టమ్స్ చూస్తేగానీ అయిపోవు. ఇన్నేళ్లుగా ఆడుతున్నా ప్లేయర్లు చూసింది 1 శాతం కూడా లేదు.

మరి ఇదంతా ఏ హార్డ్ డిస్క్‌లో పట్టింది? ఎక్కడా పట్టలేదు, అసలు స్టోర్ చేయలేదు. ఖగోళ శాస్త్రజ్ఞుల కేటలాగుల్లో ఉన్న లక్షకు పైగా నిజమైన నక్షత్రాలను వాటి స్థానాల్లో పెట్టి, మిగతా గెలాక్సీని స్టెల్లార్ ఫోర్జ్ అనే సిస్టమ్ లెక్కలు కట్టి పుట్టిస్తుంది. ఆ చోట ఎంత పదార్థం ఉంది, నక్షత్రం వయసెంత, చుట్టూ ఎలాంటి గ్రహాలు ఏర్పడతాయి అన్నది ఫార్ములాలే తేలుస్తాయి. ఎవరు ఎప్పుడు వెళ్లినా అదే లెక్క, అదే జవాబు. కాబట్టి మీరు చూసిన గ్రహమే మీ ఫ్రెండ్‌కీ కనిపిస్తుంది. ఈ ట్రిక్ కొత్తదేం కాదు. 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ చేసిన మొదటి ఎలైట్ గేమ్ కూడా 32 కేబీ మెమరీ ఉన్న బీబీసీ మైక్రోలో ఇదే పద్ధతితో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 సిస్టమ్స్ చూపించింది.

2017 ఫిబ్రవరిలో జరిగింది వింటే నాకు ఇప్పటికీ థ్రిల్లే. దాదాపు 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 నక్షత్రం చుట్టూ 7 గ్రహాలున్నాయని నాసా ప్రకటించింది. గేమ్‌లో వెతికితే, ఇంచుమించు ఆ దూరంలోనే 7 రాతి గ్రహాలున్న ఒక మసక నక్షత్రాన్ని స్టెల్లార్ ఫోర్జ్ అప్పటికే తయారుచేసి పెట్టింది! డెవలపర్లు కొన్ని వివరాలు సరిచేసి ఆ పేరు పెట్టేశారు. యాదృచ్ఛికమే అనుకోండి, అయినా లెక్కలు గాలిలోవి కావని అర్థమైంది.

ఇక ప్రయాణం. గెలాక్సీ మధ్యలోని బ్లాక్ హోల్ సాజిటేరియస్ ఎ-స్టార్ మన సూర్యుడి నుంచి సుమారు 25,900 కాంతి సంవత్సరాలు. మీ షిప్ ఒక జంప్‌కి 50 కాంతి సంవత్సరాలు వెళ్తుందనుకుంటే 500కు పైగా జంప్‌లు కావాలి. దారిలో పెట్రోల్ బంకులుండవు. ఫ్యూయల్ స్కూప్ బిగించుకుని నక్షత్రం అంచున ఎగురుతూ హైడ్రోజన్ లాగాలి. అదీ ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం రకాల నక్షత్రాల దగ్గరే. బ్రౌన్ డ్వార్ఫ్‌ల దగ్గర చుక్క కూడా దొరకదు. కొత్తవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే, మ్యాప్‌లో ఫిల్టర్ పెట్టకుండా వరుసగా బ్రౌన్ డ్వార్ఫ్‌ల మీదుగా వెళ్లిపోతారు. ట్యాంక్ ఖాళీ అయిందా, వెంటనే మెయిన్ మెనూకి వచ్చేయండి, లేకపోతే ఆక్సిజన్ టైమర్ నడుస్తూనే ఉంటుంది. తర్వాత ఫ్యూయల్ ర్యాట్స్‌ని పిలవండి. వాళ్లు తోటి ప్లేయర్లే, ఫ్రీగా ఇంధనం తెచ్చి పోసి వెళ్తారు. న్యూట్రాన్ స్టార్ల జెట్‌లోకి దూరితే ఒక జంప్ రేంజ్ 4 రెట్లు అవుతుంది, కాకపోతే ప్రతిసారీ డ్రైవ్ కొంచెం దెబ్బతింటుంది.

సిస్టమ్‌కి చేరాక స్కానర్ తెరిచి, పాత రేడియోలో స్టేషన్ పట్టినట్టు ట్యూన్ చేస్తూ ఒక్కో గ్రహాన్ని పట్టుకోవాలి. భూమి లాంటి గ్రహాలు, నీటి గ్రహాలు, అమ్మోనియా గ్రహాలకు మంచి రేటు. మీకంటే ముందు ఎవరూ అమ్మకపోతే ఆ గ్రహం మీద మీ పేరు పడుతుంది, తర్వాత వచ్చే ప్రతి ప్లేయర్‌కీ కనిపిస్తుంది.

"అమ్మకపోతే" అన్న మాట గమనించండి. డేటాని స్టేషన్‌లోని యూనివర్సల్ కార్టోగ్రాఫిక్స్‌లో అమ్మేదాకా అది మీది కాదు. షిప్ పేలితే ఇన్సూరెన్స్‌తో షిప్ వస్తుంది, డేటా మాత్రం పోతుంది. నాకు ఇది మూడు వారాల ట్రిప్ చివర్లో తెలిసొచ్చింది. రెండు భూమి లాంటి గ్రహాలు చేతిలో ఉన్నాయి, ఇల్లు దగ్గరపడింది. ఒక గ్రహం మీద సూర్యోదయం స్క్రీన్‌షాట్ తీద్దామని దిగాను. గ్రావిటీ 3 జి దాటిందని చూసుకోలేదు. షిప్ దిగలేదు, పడింది. తప్పు పూర్తిగా నాదే. ఆ తర్వాత వారం రోజులు గేమ్ ఓపెన్ చేయబుద్ధి కాలేదు. ఇప్పుడు దారిలో ఏ ప్లేయర్ ఫ్లీట్ క్యారియర్‌లో కార్టోగ్రాఫిక్స్ కనిపించినా, కొంత కమీషన్ పోయినా సరే, అక్కడే అమ్మేస్తున్నా.

వెళ్లడానికి చోటు కావాలంటే నా ఓటు కొలోనియాకే. 2016లో జాక్స్ స్టేషన్ అనే ఒక మొత్తం స్పేస్ స్టేషన్ గెలాక్సీ అవతలి కొసన ఉన్న బీగల్ పాయింట్‌కి జంప్ చేయబోయి మాయమైంది. ప్లేయర్లే వెతికి, 22,000 కాంతి సంవత్సరాల దూరంలో పాడైపోయి ఉన్న దాన్ని పట్టుకున్నారు. రిపేర్‌కి సరుకులు మోశారు, అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడదే ఓ పెద్ద కాలనీ, డేటా అమ్ముకోవడానికి మంచి మజిలీ.

కొత్త అప్‌డేట్స్ పీసీకి మాత్రమే వస్తున్నాయి, కన్సోల్ వెర్షన్లను 2022లోనే ఆపేశారు. సోలో మోడ్‌కి కూడా ఇంటర్నెట్ ఉండాల్సిందే. మధ్యలో కరెంటు పోతే కంగారు పడకండి, మీ డేటా సర్వర్‌లోనే ఉంటుంది, లాగిన్ అయితే ఆగిన సిస్టమ్‌లోనే ఉంటారు. గ్రావిటీ చూసుకుని దిగండి చాలు.