ఏతము మొదలు మీటరు వఱకు



పూర్వము మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో బావినీటిని పైకి తెచ్చుటకు ఏతమే ముఖ్యసాధనము. ఒకరు దూలముపై ముందునకును వెనుకకును నడచుచుండగా, మరియొకరు నిండిన బానను వంచి బోదెలో పోయుచుండెడివారు. చెఱువు గట్టున ఇద్దరు ఎదురెదురుగా నిలిచి గూడ వేయుచుండెడివారు. తడిసిన మడి యెంత, తడియవలసిన మడి యెంత యను లెక్క వారికి వేరొకరు చెప్పనక్కఱ లేకుండెను. వారి కాళ్ళును చేతులును చెప్పుచుండెడివి. కనుకనే ఏతము క్రింది రైతు చోడిచేనికి వలసినంత నీరు పెట్టెడివాడేగాని, గట్టు పొరలునట్లు పెట్టెడివాడు కాడు.

నేడు ఆ శ్రమ పోయినది. అందులకు ఎవ్వరును విచారింప నక్కఱలేదు. కాని శ్రమతోపాటు లెక్కయు పోయినది. ఆ లెక్కను మరల మన చేతికి తెచ్చుకొను విధమును ఈ నెల విన్నవింప దలచితిమి.

యూనిటు అనగా నెంత?

వేయి వాట్ల యంత్రము ఒక గంటసేపు నడచినచో ఒక యూనిటు కరెంటు ఖర్చగును. బలిష్ఠుడైన కూలి ఉదయము మొదలు సాయంకాలము వఱకు ఏతము త్రొక్కినను ఆతడు చేయు పని యొక యూనిటుకు తక్కువే. 5 హార్సుపవరు మోటారు గంటకు 4 యూనిట్లకు పైగా తీసికొనును. 9 గంటలు నడచినచో సుమారు 40 యూనిట్లు. అనగా ఏబదిమందికి పైగా కూలీలు దినమంతయు చేయు పనిని మనము ఒక్క మీట నొక్కి చేయించుకొనుచున్నాము. ఏబదిమంది కూలీలను పిలిచి, పని చూపక, గట్టున కూర్చుండబెట్టు రైతు మన గ్రామములలో ఎవడైన కలడా? మోటారు విషయమున మాత్రము అట్టి పని నిత్యము జరుగుచునే యున్నది.

ఈ కరెంటు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

మన ప్రాంతమునకు తొలుత పెద్దయెత్తున విద్యుత్తు నిచ్చినది మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము. ఆంధ్ర, ఒడిశా సరిహద్దున, డుడుమ జలపాతము చెంత, 1955లో అది పనిచేయ నారంభించెను. దానికి నీటిని నిలువ చేయునది జలాపుట్ ఆనకట్ట. తరువాతి కాలమున విశాఖపట్టణము సమీపమున పరవాడయందు సింహాద్రి కేంద్రము వెలసెను. 2000 మెగావాట్ల శక్తిగల ఆ కేంద్రమునకు ఒడిశాలోని తాల్చేరు గనుల బొగ్గు వచ్చును.

ఈ రెంటికిని గల భేదమును రైతు సులభముగా గ్రహింపగలడు. వాన, గాలి, ఎండ, పేడ, ఊక, చెఱకు పిప్పి యనునవి యేటేటి పంటవంటివి. ఈ యేడు తిన్నను వచ్చు నేడు మరల పండును. బొగ్గు, కిరసనాయిలు, డీసెలు యనునవి తాతలు గాదెలో పోసిపోయిన ధాన్యమువంటివి. తీసినకొలది తరుగునే కాని, ఆ గాదెలో మరల పోయువారు లేరు. అణువిద్యుత్తునకు వలయు యురేనియమును గాదె ధాన్యమే. అంతేకాక, బొగ్గును కాల్చిన పొగ భూమి వేడిమిని పెంచుచున్నది. ఆ వేడిమి వలని వాన తప్పుదలను మొదట ననుభవించువాడు రైతే.

అయినను ఏటేటి పంటయు ఊరక రాదు. జలాపుట్ జలాశయము క్రింద గిరిజనుల పల్లెలు, పొలములు మునిగెను. ఇక బొగ్గు కేంద్రముల మాట మన జిల్లావారికి వేరుగ చెప్పనేల? సోంపేట బీలభూములలో తలపెట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రము వలదని రైతులును జాలరులును నిలువగా, 2010 జూలై 14వ తేదీన పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. 2011 ఫిబ్రవరి 28వ తేదీన కాకరాపల్లి తంపర భూముల కొఱకు అట్లే జరిగెను. రణస్థలము మండలమున కొవ్వాడయందు అణువిద్యుత్ కేంద్రమునకై భూములను సేకరింప దొడగిరి. కరెంటు మనకందఱకును కావలెను. కేంద్రము మాత్రము మన యూర వలదందుము. ఈ రెండు మాటలును న్యాయమైనవే. వీనిని కలుపు మార్గమొకటే కలదు: ఉన్న కరెంటును వృథా పుచ్చకుండుట. మన మోటారు పొరలించిన నీటి వెనుక కరెంటును, దాని వెనుక ఎవ్వరిదో యొక బీలయు కలవు.

మీటరు కథ

2004లో రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చెను. బీదరైతునకు అది గొప్ప మేలు చేసినది. దానిని మేము తప్పుపట్టము. ఆ పథకముతో పాటు ప్రభుత్వము నాలుగు నియమములను గూడ పెట్టెను: మోటారునకు తగిన కెపాసిటరు, ఐ.యస్.ఐ. గుర్తుగల పంపుసెట్టు, ఒరపిడిలేని ఫుట్‌వాల్వు, నునుపైన ప్లాస్టికు గొట్టము. ఉచితమన్న మాట ఊరూరను వినబడెను. ఈ నాలుగు మాటలు మాత్రము చాలమంది చెవిని పడలేదు.

2020లో ప్రభుత్వము వ్యవసాయపు మోటార్లకు మీటర్లు పెట్టి, బిల్లు సొమ్మును రైతు ఖాతాలో వేయు పద్ధతికి శ్రీకాకుళము జిల్లాను తొలి ప్రయోగస్థలముగా ఎంచుకొనెను. ఆ దినములలో లావేరు వైపు ఒక వృద్ధరైతు మమ్ము నడిగిన మాట నేటికిని మఱువలేదు: “బాబూ, మీటరు ఎట్టినారంటే రేపు బిల్లు వొస్తాదేటి?” ఆ భయము అకారణమని మేము అనజాలము. ప్రభుత్వములు మారును, మాటలు మారును. అందుకు రైతు సంఘముగా మెలకువతో నుండవలెను. కాని సొమ్ము సంగతి వేరు, లెక్క సంగతి వేరు.

ప్రభుత్వము ప్రకటించిన లెక్క యిది. 2020–21లో సుమారు 26 వేల కనెక్షనులు 10 కోట్ల 15 లక్షల యూనిట్లు వాడెను. 2021–22లో కనెక్షనులు 28 వేలకు పెరిగినను వాడకము 6 కోట్ల 77 లక్షల యూనిట్లకు తగ్గెను. ఇదంతయు మీటరు మహిమయే యనుట తొందరపాటు. ఒక యేటి వాన మరియొక యేటి వానవంటిది కాదు. మీటరు లేనినాటి లెక్కలో ఉజ్జాయింపు పాలు గూడ నుండును. అయినను, కొలుచుట మొదలిడిన పిమ్మట వృథా కనబడునని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

మేము చేసిన పరీక్ష

ఆ వృద్ధరైతు బావియొద్దనే మేమొక పరీక్ష చేసితిమి. నేలబావి, నీటిని 33 అడుగులు ఎత్తవలెను, మోటారు 3 హార్సుపవరు. 200 లీటర్ల పీపాను గొట్టము క్రింద నుంచి గడియారము చూచితిమి. నిండుటకు 34 సెకండ్లు పట్టెను. ఈ లెక్కన ఎకరమునకు ఒక అంగుళము నీరు, అనగా సుమారు లక్షా 3 వేల లీటర్లు, తోడుటకు అయిదు గంటలకు కొంచెము తక్కువ. కరెంటు 13 యూనిట్లు. ఆ నీటిని అంత యెత్తు లేపుటకు నిజముగా వలసినది 2.8 యూనిట్లే. తక్కినదంతయు ఒరపిడికిని వేడికిని పోవుచున్నది.

ఫుట్‌వాల్వు తుప్పుపట్టి సగము మూసికొని యుండెను. గొట్టము రెండుచోట్ల అడ్డముగా విరిచినట్లు వంగి యుండెను. నీరు పడు మూతి బోదెకంటె నిలువెత్తు పైన నుండెను. నీరు దూరముగా దుముకుట చూపున కింపుగా నుండునని అట్లు పెట్టిరట! ఫుట్‌వాల్వు మార్చి, నిడుపైన వంపులు వేసి, మూతిని బోదె దగ్గఱకు దించితిమి. పీపా 22 సెకండ్లలో నిండెను. అంగుళము నీటికి మూడు గంటల పైచిలుకు, 8½ యూనిట్లు. ఆ రైతు మాట్లాడక మీటరును రెండుమారులు చూచి, తన కుమారుని గూడ పిలిచి చూపించెను.

యూనిటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలును. ఒక పైరునకు 20 అంగుళముల నీరు తోడవలసి వచ్చినచో, ఈ చిన్న మరమ్మతు వలన ఎకరమునకు 90 యూనిట్లు, అనగా 60 కిలోలకు పైగా బొగ్గు మిగులును. రైతునకు మిగులునది మరియొకటి కలదు: కరెంటున్న ఆ కొద్ది గంటలలోనే మరికొంత చేను తడుపుకొనవచ్చును.

సంఘము చేయదగిన పనులు

మొదటిది ఆటో స్టార్టరును విడుచుట. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియని దినములలో అది రాత్రివేళ పాములనుండి మనలను కాపాడినమాట నిజమే. కాని కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటార్లన్నియు ఒక్కమారు లేచును. లేచునపుడు మోటారు నడచునప్పటికంటె ఎన్నోరెట్లు కరెంటు లాగును. వోల్టేజి పడిపోవును, మోటార్లు కాలును, ట్రాన్స్‌ఫార్మరే కాలినచో పొట్టమీదనున్న పైరు ఎండును. కాలువ నీటికి వంతులు పెట్టుకొను మనము కరెంటునకు వంతులు ఏల పెట్టుకొనరాదు? ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులు ఒకచోట కూడి, ఎవరు ముందు, ఎవరు వెనుక యని నిర్ణయించుకొన్నచో అందఱ పొలములును తడియును.

రెండవది, ఫుట్‌వాల్వులు, కెపాసిటర్లు, గొట్టములు సంఘము తరఫున ఒక్కమారే కొని సభ్యులకు పంచుట. విద్యుత్తు సహకారమునకు సాధ్యముగాని వస్తువు కాదు. చీపురుపల్లిలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘమే యేర్పడి ఆ ప్రాంతపు ఇండ్లకును మోటార్లకును కరెంటు నందించిన సంగతి మీరెరుగుదురు. కరెంటునే పంచగలిగిన సహకారము కెపాసిటర్లను పంచలేదా?

మూడవది, నీటి అవసరమునే తగ్గించుట. వంశధార, నాగావళి కాలువల నీరును, చెఱువుల నీరును పల్లమునకు తామే వచ్చును; వానికి యూనిటుతో పనిలేదు. చెఱువు పూడిక తీసిన ప్రతి బుట్టయు మిగిల్చిన కరెంటే. బోరుక్రింద రెండవ పంటగా వరి మాని, పెసర, మినుము, చోడి, వేరుసెనగ వేయుడు. వరియే వేయదలచినచో మడిని సదా నింపక ఆరుతడిగా పెట్టుడు.

సూర్యుని పంపు

2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకము వలన సూర్యశక్తితో నడచు పంపులు వ్యాప్తిలోనికి వచ్చుచున్నవి. ఒక కిలోవాటు పలకలు మంచి యెండలో దినమునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. ఎండ కాసిననాడే పైరునకు దప్పి హెచ్చు గనుక ఈ జోడింపు చక్కనిది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినపుడు వేలకొలది స్తంభములు కూలి, ఉద్దానము దినములకొలది చీకటిలో నుండెను. త్రాగునీటికిని జనరేటర్ల కొఱకు ఎదురుచూడవలసి వచ్చెను. ఊరికి తన సొంత శక్తి కొంతయైన నుండవలెనని ఆ దినములు మనకు బోధించెను. కాని తీరమున పలకలను గట్టి పునాదిపై బిగింపవలెను. లేనిచో మరుసటి గాలికి అవియు ఎగిరిపోవును.

ఒక హెచ్చరిక. ఎండ ఉచితము గాని, భూగర్భజలము ఉచితము కాదు. ఖర్చు లేదుగదా యని దినమంతయు తోడినచో తీరగ్రామములలో ఉప్పునీరు బావులలోనికి వచ్చును. సూర్యుని పంపునకును ఏతమునాటి లెక్క యవసరమే.

కావున సోదరులారా, ఈ నెలలో ఒక్క పని చేయుడు. పీపా యొకటి, గడియార మొకటి తీసికొని మీ పంపును పరీక్షింపుడు. ఎన్ని సెకండ్లు పట్టినదో ఒక కాగితముపై వ్రాసి సంఘపు సమావేశమునకు తెండు. అందఱ కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు ఎవరి మోటారునకు ముందుగా మరమ్మతు కావలెనో మనకే తెలియును. ఆ మరమ్మతునకు వలసిన సాయము చేయుటకు మేము వచ్చెదము.